అమ్లోడిపిన్ చాలా, సిల్నిడిపిన్ కావాలా? నరం ఇచ్చే ఆదేశాన్ని ఏ మాత్ర ఎక్కడ ఆపుతుంది

బీపీకి రాసే క్యాల్షియం చానెల్ మందుల్లో (కణాల్లోకి క్యాల్షియం వెళ్ళే ద్వారాలను అడ్డుకునేవి) మన ఇళ్ళల్లో ఎక్కువగా కనబడేవి రెండు. అమ్లోడిపిన్ పాతది, చవకది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేది. సిల్నిడిపిన్ కాస్త ఖరీదు, "దీనికి కాళ్ళు వాయవట" అన్న పేరు తెచ్చుకున్నది. మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాటలు వినబడుతూనే ఉంటాయి.

"అన్నా, ఇన్నాళ్ళూ అమ్లో వేసుకున్నాను. ఈసారి డాక్టర్‌గారు సిల్ని రాశారు. రెండూ ఒకటేనా?"

"రెండూ బీపీవేనమ్మా. ఇది కొత్త రకం, అంతే."

జవాబు తప్పు కాదు, కానీ దానివల్ల తేలేదేమీ లేదు. అసలు తేడా కొత్తా పాతా అన్నదాంట్లో లేదు. నరం నుంచి ధమని కండరానికి "బిగుసుకో" అన్న ఆదేశం వెళ్ళే దారిలో ఏ మందు ఎక్కడ అడ్డుపడుతుందన్నది అసలు తేడా. అది అర్థమైతే ఎవరికి ఏది అన్న ప్రశ్న చాలావరకు తేలిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తగా బీపీ బయటపడి, క్యాల్షియం చానెల్ మందు అవసరమని డాక్టర్ తేల్చిన మనిషికి అమ్లోడిపిన్‌తో మొదలుపెట్టడమే సబబు. సిల్నిడిపిన్‌కు తనదైన చోటు ఉంది, చిన్న చోటే అయినా గట్టిది. ఇదే కోవలోని వెరాపమిల్, డిల్టియాజెమ్‌లు ఈ రెంటితో పోటీపడే మందులు కావు, వాటి పని వేరు. ఇక నాలుక కింద చుక్కలు వేసే నిఫెడిపిన్ మాత్రం ఇవాళ ఎవరి జాబితాలోనూ ఉండకూడదు.

నరం చెబితే ధమని ఎలా బిగుస్తుంది

చిన్న ధమని గోడ మధ్యపొరలో నునుపు కండరం ఉంటుంది. అది మన ఇష్టప్రకారం కదిలేది కాదు. దాన్ని నడిపే నరాలు సహానుభూత (సింపథెటిక్) నాడీవ్యవస్థకు చెందినవి. ఈ నరాల కొసలు చాలా ధమనుల్లో కండరం లోపలికి పోవు, బయటిపొరకూ కండరానికీ మధ్య ఉన్న అంచు మీదే అల్లుకుని ఉంటాయి. ఆ సన్నని పోగుల పొడవునా ఉబ్బెత్తు భాగాలు ఉంటాయి. ఒక్కో ఉబ్బులో చిన్నచిన్న సంచులు, ఆ సంచుల్లో నారడ్రినలిన్, ఏటీపీ, న్యూరోపెప్టైడ్-వై అనే రసాయనాలు.

పడుకున్న మనిషి లేచి నిలబడ్డాడనుకోండి, లేదా చన్నీళ్ళ బకెట్‌లో చెయ్యి పెట్టాడనుకోండి. మెదడు నుంచి సంకేతం ఆ ఉబ్బుల దాకా వస్తుంది. అక్కడ క్యాల్షియం చానెళ్ళు తెరుచుకుంటాయి. ఇవి ప్రధానంగా ఎన్-టైప్ చానెళ్ళు. లోపలికి దూసుకొచ్చిన క్యాల్షియం ఆ సంచుల నోళ్ళు తెరిపిస్తుంది, రసాయనాలు బయటపడతాయి. ఇది నరం వైపు జరిగే పని.

కండరం వైపు కథ రెండు దారుల్లో నడుస్తుంది. ఏటీపీ చాలా వేగం. కండర కణం మీద ఉన్న పీ2ఎక్స్1 గ్రాహకాన్ని (సంకేతం అందుకునే ప్రొటీన్) తాకగానే కణంలోని విద్యుత్ స్థితి కొద్దిగా మారుతుంది. ఈ చిన్న కుదుపులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, కండరంలోని ఎల్-టైప్ క్యాల్షియం చానెళ్ళు తెరుచుకుని కణం బిగుస్తుంది. నారడ్రినలిన్ నెమ్మది మనిషి. ఆల్ఫా-1 గ్రాహకం ద్వారా కణం లోపల దాచి ఉన్న క్యాల్షియాన్ని విడుదల చేయిస్తుంది, ఉన్న క్యాల్షియానికే కండరం ఎక్కువగా స్పందించేలా చేస్తుంది, కొంతమేరకు ఎల్-టైప్ చానెళ్ళనూ తెరిపిస్తుంది. గమనించాల్సింది ఇదే: నారడ్రినలిన్ చేసే పనిలో ఒక భాగానికి ఎల్-టైప్ చానెల్ అవసరమే లేదు.

నరాల నుంచి నారడ్రినలిన్ ఒక్కటే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1960ల మొదట్లో బర్న్‌స్టాక్, హోల్మన్ గినీపందుల కండరంలో నరం ప్రేరేపించే ఈ చిన్న విద్యుత్ కుదుపులను నమోదు చేశారు. నారడ్రినలిన్‌ను అడ్డుకునే మందులకు అవి లొంగలేదు. ఏటీపీ కూడా నరాల నుంచి వచ్చే సంకేతమేనని బర్న్‌స్టాక్ 1972లో వాదించినప్పుడు నమ్మినవాళ్ళు తక్కువ. ఇవాళ అది పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ల్యాబ్‌లో చూస్తే తేడా కళ్ళకు కడుతుంది

ఫార్మసీ, ఫిజియాలజీ చదివేవాళ్ళకు ఈ ప్రయోగం తెలిసిందే. ఎలుక పేగులకు రక్తం తీసుకెళ్ళే సన్నని ధమనిని రెండు మిల్లీమీటర్ల ఉంగరంగా కోసి, రెండు సన్నని తీగల మధ్య తగిలిస్తారు. చుట్టూ 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణం (ఒంట్లోని ద్రవాన్ని పోలిన ఉప్పునీరు), అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు. కండరం ఎంత బిగుసుకుందో తెర మీద గీతగా కనిపిస్తుంది.

ముందు ద్రావణంలో పొటాషియం బాగా పెంచండి. గీత నిట్టనిలువుగా లేస్తుంది. ఒక మైక్రోమోలార్ నిఫెడిపిన్ వేయండి, గీత దాదాపు మొదటి చోటికే దిగిపోతుంది. పొటాషియం కండరాన్ని ఎల్-టైప్ చానెళ్ళ ద్వారానే బిగిస్తుంది కాబట్టి ఇక్కడ నిఫెడిపిన్‌కు ఎదురులేదు.

ఇప్పుడు కడిగేసి, సన్నని విద్యుత్ స్పందనలతో నరాలను మాత్రమే లేపండి. స్పందన మిల్లీసెకనులో కొంత భాగమే ఉండాలి, లేకపోతే కరెంటు నేరుగా కండరాన్నే తాకుతుంది. వచ్చింది నరం పనేనని రుజువు కావాలంటే టెట్రోడోటాక్సిన్ వేసి చూస్తారు, అది నరాన్ని మొద్దుబారుస్తుంది, గీత లేవదు. సరే, నరం పనేనని తేలాక నిఫెడిపిన్ వేస్తే? గీత తగ్గుతుంది కానీ చాలాసార్లు పూర్తిగా పోదు. ఎంత మిగులుతుందన్నది ధమని పరిమాణం, జంతువు, సెకనుకు ఎన్ని స్పందనలు ఇచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది. బయటి నుంచి గట్టి మోతాదులో నారడ్రినలిన్ పోసి చూస్తే ఇంకా ఎక్కువే మిగులుతుంది.

మూడో ప్రయత్నంగా ఒమేగా-కోనోటాక్సిన్ జీవీఐఏ వేయండి. ఇది కోనస్ జియోగ్రాఫస్ అనే సముద్రపు నత్త విషంలోని పదార్థం. ఎన్-టైప్ చానెల్‌ను పట్టేస్తుంది. నరం లేపిన గీత బాగా పడిపోతుంది, తక్కువ స్పందనల దగ్గర దాదాపు మాయమే అవుతుంది. కానీ బయటి నుంచి పోసిన నారడ్రినలిన్‌కు కండరం ఎప్పటిలాగే బిగుస్తుంది. అంటే కండరానికి ఏమీ కాలేదు, నరం మాత్రం సందేశం పంపలేకపోతోంది.

ఒకే గీత, రెండు చోట్ల అడ్డు. నిఫెడిపిన్, అమ్లోడిపిన్‌లు సందేశం చేరాక కండరాన్ని ఆపుతాయి. కోనోటాక్సిన్ సందేశం బయల్దేరకుండానే ఆపుతుంది. సిల్నిడిపిన్ ప్రధానంగా మొదటి పని, కొంతమేరకు రెండో పని కూడా చేస్తుంది.

అయితే నరాన్నే పూర్తిగా ఆపేస్తే పోదా, బీపీ ఒక్క దెబ్బకు దిగుతుంది కదా? దిగుతుంది, లేచి నిలబడితే మనిషి కూడా కింద పడతాడు. నిలబడగానే కాళ్ళలోకి జారే రక్తాన్ని పైకి నెట్టేది ఈ నరాల బిగింపే. ఇలాంటి ఇంకో నత్త విషం నుంచే వచ్చిన జికోనోటైడ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. అది బీపీకి కాదు, భరించలేని నొప్పికి. దాన్ని వెన్నుపాము ద్రవంలోకే పంపుతో ఎక్కిస్తారు. రక్తంలోకి ఇస్తే బీపీ పడిపోతుందన్నది అందుకు ఒక కారణం. కాబట్టి సిల్నిడిపిన్‌లో నరం వైపు ప్రభావం పాక్షికంగా ఉండటం లోపం కాదు, అదే దాన్ని రోజువారీ మాత్రగా నిలబెట్టింది.

అమ్లోడిపిన్ ఎందుకు మొదటి మెట్టు

క్యాల్షియాన్ని అడ్డుకునే మందు అన్న ఆలోచనకు 1960ల్లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ రూపం ఇచ్చాడు. ఆయన ముందున్నది వెరాపమిల్. 1970ల్లో బాయర్ నిఫెడిపిన్ తెచ్చింది. నిఫెడిపిన్ క్యాప్సూల్ గొడవ ఏమిటంటే, గంటల్లోనే రక్తంలోంచి వెళ్ళిపోతుంది. బీపీ ధడాలున దిగుతుంది, మెడలోని పెద్ద ధమని గోడల్లో ఉన్న ఒత్తిడి గ్రాహకాలు "పడిపోతోంది" అని మెదడుకు చెబుతాయి, మెదడు సహానుభూత నరాలను మళ్ళీ కొరడా పట్టి లేపుతుంది. గుండె దడ, ముఖం వేడెక్కడం, తలనొప్పి. మందు కండరాన్ని వదులు చేస్తుంటే నరం బిగించే ప్రయత్నం చేస్తుంది.

అమ్లోడిపిన్ ఈ తగాదాను ఓపికతో గెలిచింది. నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ ఒక్క మాత్ర చాలు. ఒకరోజు మరిచిపోయినా బీపీ ఒక్కసారిగా ఎగరదు, మన ఇళ్ళల్లో మాత్ర మరిచిపోవడం ఎంత మామూలో చెప్పక్కర్లేదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి నరాలకు అంత కంగారు ఉండదు.

దీని వెనక పెద్ద రుజువులు ఉన్నాయి. 2002లో ఫలితాలు వచ్చిన ఆల్‌హ్యాట్ అధ్యయనంలో 33,357 మంది ఉన్నారు. ప్రాణాంతక గుండెజబ్బు, గుండెపోటుల విషయంలో అమ్లోడిపిన్ వాడినవాళ్ళకూ, క్లోర్‌థాలిడోన్ (మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర) వాడినవాళ్ళకూ తేడా కనబడలేదు. గుండె నీరసపడి నీరు చేరడం మాత్రం అమ్లోడిపిన్ వర్గంలో ఎక్కువే, ఆరేళ్ళలో 7.7 శాతానికి బదులు 10.2 శాతం. ఈ రెండో సంగతిని కూడా చెప్పకపోతే అన్యాయం. సిల్నిడిపిన్‌కు ఇంత పెద్ద అధ్యయనం లేదు. బీపీ తగ్గిస్తుందని, కాళ్ళవాపు తక్కువని చిన్న అధ్యయనాలు చూపాయి, కానీ పక్షవాతాన్ని, గుండెపోటును ఎంతవరకు ఆపుతుందన్నది అమ్లోడిపిన్ స్థాయిలో రుజువు కాలేదు.

2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమం కింద ఎక్కువ రాష్ట్రాల్లో మొదటి మెట్టు అమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చేతికి ఇచ్చే ఆ చిన్న తెల్లమాత్ర పేదవాళ్ళకని సర్దిపెట్టిన రెండోరకం మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ అదే ఉంది. "గవర్నమెంటు మాత్ర పని చెయ్యదు" అని దాన్ని పక్కన పడేసి బయట ఖరీదైన స్ట్రిప్ కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

కాళ్ళవాపు దగ్గరే అసలు గొడవ

అమ్లోడిపిన్‌కు ఉన్న చెడ్డపేరంతా కాళ్ళవాపు వల్ల వచ్చిందే. ఇది మోతాదును బట్టి ఉంటుంది. అమెరికాలో మందుతో పాటు ఇచ్చే సమాచారం ప్రకారం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో వాపు 0.6 శాతం, 2.5 మి.గ్రా.తో 1.8, 5 మి.గ్రా.తో 3, 10 మి.గ్రా.తో 10.8 శాతం. 5 నుంచి 10కి పెంచడంలోనే పెద్ద గెంతు ఉంది చూడండి. ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే బాగా ఎక్కువ.

చాలామంది దీన్ని కిడ్నీలు పాడై నీరు పట్టిందనుకుని భయపడతారు. కాదు. ఎల్-టైప్ చానెళ్ళను ఆపితే కేశనాళికలకు ముందున్న చిన్న ధమనులు వెడల్పవుతాయి. కేశనాళికల తర్వాత ఉన్న చిన్న సిరలు మాత్రం అంతగా వెడల్పవవు, వాటి బిగింపులో నరాల పాత్ర ఎక్కువ. పై తూము ఎత్తేసి కింది తూము ఎత్తకపోతే మధ్యలో మడి మునిగినట్టు, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. సాయంత్రానికి చెప్పు బిగుతవడం, సాక్స్ అంచు దగ్గర లోతైన గీత పడటం, పొద్దున్నకు తగ్గడం ఇందుకే.

మూత్రం ఎక్కువ పోయించే మాత్ర ఈ వాపుకు పెద్దగా పనిచేయదన్నది కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది, తప్పుడు చోట నీరు ఊరిన వాపు. అయినా అమ్లోడిపిన్‌తో వాపు వచ్చిందని ఫ్యూరోసెమైడ్ రాయడం, దానితో పొటాషియం పడిపోవడం, దానికి ఇంకో మందు... ఒక మాత్ర వల్ల మూడు మాత్రలైన చీటీలు మనకు కొత్త కాదు.

సిల్నిడిపిన్ ఇక్కడే పనికొస్తుంది. నరాల కొసల దగ్గర నారడ్రినలిన్ విడుదలను కూడా తగ్గిస్తుంది కాబట్టి సిరల వైపు బిగింపు కూడా కొంత సడలుతుంది. ఒత్తిడి మధ్యలో పేరుకోదు. అమ్లోడిపిన్‌తో వాపు వచ్చినవాళ్ళను దీనికి మార్చితే తగ్గడం వైద్యులు తరచూ చూస్తున్నదే. "అస్సలు రాదు" అనడం మాత్రం అబద్ధం, తక్కువగా వస్తుంది.

అయితే సిల్నిడిపిన్ ఒక్కటే దారి అనుకోకండి. అమ్లోడిపిన్ 10 నుంచి 5కి తగ్గించి, పక్కన టెల్మిసార్టన్ లాంటి మందు కలిపినా వాపు తగ్గుతుంది, ఎందుకంటే ఆ మందులు సిరలనూ కొంత వదులు చేస్తాయి. నిజానికి చాలామందికి బీపీ అదుపులోకి రావడానికి రెండు మందులు ఎలాగూ కావాలి. అలాంటప్పుడు మొదట ఈ కలయికను ప్రయత్నించడమే తెలివైన పని. నన్నడిగితే, "అమ్లో 10తో కాళ్ళు వాచాయి, అమ్లో 5తో టెల్మా కలిపినా వాపు పోలేదు" అన్న మనిషికి సిల్నిడిపిన్ న్యాయమైన తదుపరి మెట్టు.

ఇంకో సంగతి. షుగర్ ఉన్నవాళ్ళకు అరికాళ్ళ మంటలకు ప్రెగాబాలిన్ లేదా గాబాపెంటిన్ రాస్తుంటారు. అవీ క్యాల్షియం చానెళ్ళ మీదే పనిచేస్తాయి, చానెల్‌లోని ఆల్ఫా-2-డెల్టా అనే భాగం మీద. ప్రెగాబాలిన్‌కూ కాళ్ళవాపు ఉంది. ఒకే మనిషి అమ్లోడిపిన్, ప్రెగాబాలిన్ రెండూ వేసుకుంటూ, వాపు రాగానే నేరమంతా బీపీ మాత్ర మీద మోపేయడం జరుగుతుంది. చీటీ మార్పించుకునే ముందు డాక్టర్‌కు మీ మందులన్నీ చూపించండి. నరాల డాక్టర్ రాసినవి, ఎముకల డాక్టర్ రాసినవి కూడా. ఒక కాలే వాచినా, వాపుతో పాటు ఆయాసం ఉన్నా ఈ లెక్కలేవీ వర్తించవు, ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

సిల్నిడిపిన్ ఎవరికి నిజంగా నప్పుతుంది

జపాన్‌లో 1995 నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. సాధారణంగా 5 నుంచి 10 మి.గ్రా., అవసరమైతే 20 దాకా, రోజుకొకసారి, పొద్దున టిఫిన్ తర్వాత. చన్నీళ్ళలో చెయ్యి పెట్టి బీపీ ఎంత ఎగురుతుందో చూసే పరీక్షల్లో ఆ ఎగుడును ఇది తగ్గిస్తుందని జపాన్ పరిశోధకులు చూపారు. ల్యాబ్ గీత మనిషి ఒంట్లో కనబడటం అంటే ఇదే.

గుండె దడ ఉన్నవాళ్ళు మొదటి కోవ. క్యాల్షియం చానెల్ మందు వేసుకోగానే నాడి వేగం పెరిగి, టెన్షన్‌గా ఉంటోందనేవాళ్ళకు సిల్నిడిపిన్‌తో ఆ తిరుగుబాటు తక్కువ.

రెండో కోవ, మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్ళు. కిడ్నీ వడపోత గుత్తికి ముందొక చిన్న ధమని, తర్వాత ఒకటి ఉంటాయి. అమ్లోడిపిన్ ముందుదాన్ని ఎక్కువగా వెడల్పు చేస్తుంది, గుత్తిలో ఒత్తిడి పెరుగుతుంది. నరాలు రెండింటికీ వస్తాయి కాబట్టి సిల్నిడిపిన్ తర్వాతిదాన్ని కూడా సడలిస్తుంది. 2007లో వెలువడిన కార్టర్ అనే జపాన్ అధ్యయనంలో, అప్పటికే రెనిన్ వ్యవస్థను ఆపే మందు (టెల్మిసార్టన్ లాంటిది) వాడుతున్న 339 మందిలో, అమ్లోడిపిన్ కంటే సిల్నిడిపిన్ చేర్చినవాళ్ళలో ప్రొటీన్ ఎక్కువగా తగ్గింది. బీపీ తగ్గడం రెంటిలోనూ ఇంచుమించు ఒకటే. షుగర్, బీపీ రెండూ ఉండి కిడ్నీ మీద దెబ్బ కనబడుతున్నవాళ్ళ విషయంలో ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి. కానీ ముందు టెల్మిసార్టన్ లాంటిది పూర్తి మోతాదులో ఉందా అని చూశాకే.

ఎవరికి వద్దు? లేవగానే కళ్ళు తిరిగే ముసలివాళ్ళకు ఏ బీపీ మందునైనా జాగ్రత్తగా ఇవ్వాలి, నరం వైపు కూడా పనిచేసే మందును ఇంకొంచెం జాగ్రత్తగా. నిలబడి కొలిచిన బీపీ తెలియకుండా మోతాదు పెంచడం మంచిది కాదు. ఇక అమ్లోడిపిన్ 5 మి.గ్రా.తో బీపీ అదుపులో ఉండి, కాళ్ళు బాగుండి, ఏ ఇబ్బందీ లేనివాళ్ళు "కొత్తది మంచిదట" అని మార్పించుకోవడంలో లాభమేమీ లేదు. నెలకు అదనంగా పెట్టే డబ్బుతో ఒక మంచి ఇంటి బీపీ మిషను కొనుక్కోవచ్చు.

మిగతావి, క్లుప్తంగా

వెరాపమిల్, డిల్టియాజెమ్‌లు గుండె మీద ఎక్కువగా పనిచేస్తాయి, గుండె పైగదుల నుంచి కిందిగదులకు సంకేతం వెళ్ళే చోట వేగం తగ్గిస్తాయి. గుండె లయ తప్పి వేగంగా కొట్టుకునేవాళ్ళకు, కొన్ని రకాల ఛాతీనొప్పికి ఇవి వాడతారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మందులతో కలిపితే గుండె మరీ నెమ్మదించే ప్రమాదం ఉంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకు ఇవ్వరు. వెరాపమిల్‌తో మలబద్ధకం మామూలే. రెండూ కాలేయంలో ఇతర మందులు కరిగే దారిని అడ్డుకుంటాయి, అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ 10 మి.గ్రా. దాటకూడదంటారు. అమ్లోడిపిన్‌తో ఆ పరిమితి 20.

నిఫెడిపిన్ నెమ్మదిగా విడుదలయ్యే రూపానికి గర్భిణుల బీపీలో గౌరవనీయమైన స్థానం ఉంది. నాలుక కింద క్యాప్సూల్ పగలగొట్టి పోయడం మాత్రం వేరు సంగతి. బీపీ అమాంతం దిగి గుండెకూ మెదడుకూ రక్తం అందక ప్రమాదాలు జరిగాయని 1990ల మధ్యలోనే వైద్యపత్రికలు గట్టిగా హెచ్చరించాయి. ఇంకా ఎక్కడైనా "200 ఉంది, చుక్కలు వేద్దాం" అంటే వద్దని చెప్పండి.

ఎస్-అమ్లోడిపిన్ అంటే అమ్లోడిపిన్‌లోని పనిచేసే సగమే. 2.5 మి.గ్రా. మామూలు అమ్లోడిపిన్ 5కి సమానం. మోతాదు సగమని చూసి తేలికైన మందు అనుకోవద్దు. ఇదే కోవలోని అజెల్నిడిపిన్, బెనిడిపిన్‌ల గురించి వేరే మందులు నప్పనప్పుడు డాక్టర్ మాట్లాడతారు, మొదటి ఎంపికగా వాటిని తలకెత్తుకోనక్కర్లేదు.

ప్రాజెక్టు చేసే విద్యార్థులకు రెండు మాటలు. ధమని మీద నరం ప్రభావాన్ని పరీక్షిస్తున్నప్పుడు కండరం వైపు అడ్డుకు నిఫెడిపిన్ తీసుకోండి, అమ్లోడిపిన్ వద్దు. అమ్లోడిపిన్ కణపొరలో నెమ్మదిగా కుదురుకుంటుంది, కడిగినా త్వరగా పోదు, ఒకే ఉంగరం మీద వరుస ప్రయోగాలకు పనికిరాదు. నిఫెడిపిన్ వెలుతురు తగిలితే పాడవుతుంది, సీసాకు రేకు చుట్టకుండా, ట్యూబులైటు కింద పెట్టుకుని "మందు పనిచేయలేదు" అని రాస్తే గైడు ఒప్పుకోరు. వెరాపమిల్ ఎక్కువ మోతాదులో ఆల్ఫా గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది, నరం స్పందన తగ్గితే అది ఏ కారణం వల్లో చెప్పలేరు. నరం వైపు అడ్డుకు కోనోటాక్సిన్‌ను మించినది లేదు, ఖరీదు మాత్రం కళ్ళు తిరిగేంత.

మార్చేటప్పుడు

మార్చాలా వద్దా అన్నది డాక్టర్‌తో తేల్చుకోవాలి, షాపులో కాదు. మార్చాక మొదటి వారం రీడింగులు చూసి కంగారు పడొద్దు. అమ్లోడిపిన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారం, పదిరోజులు పడుతుంది. ఆ రోజుల్లో రెండు మందులూ కలిసి పనిచేస్తుంటాయి, బీపీ ఒకింత తక్కువగా ఉండొచ్చు. వాపు కూడా మర్నాటికే తగ్గదు, రెండో వారంలో తేడా తెలుస్తుంది. కొత్త మందు బాగుందా లేదా అన్నది రెండు వారాల తర్వాత కొలిచిన బీపీని బట్టి నిర్ణయించాలి. పొద్దున మాత్రకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చుని కొలవండి. లేచి నిలబడిన ఒక నిమిషానికి ఇంకోసారి కొలిచి, దాన్ని పక్కనే విడిగా రాయండి.

పళ్ళ మాట అడుగుతారని తెలుసు. గ్రేప్‌ఫ్రూట్ రసం ఫెలోడిపిన్, నిఫెడిపిన్ లాంటి మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది. మన పంపరపనసలోనూ అదే కుటుంబపు పదార్థాలు ఉన్నాయి. అమ్లోడిపిన్ మీద ఆ ప్రభావం స్వల్పం. మిగతావి వాడుతున్నవాళ్ళు పంపరపనసల కాలంలో రోజూ ఒక కాయ లాగించే అలవాటు ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. బత్తాయికి ఈ భయం అక్కర్లేదు.